బోర్డులక్క నీటి తోట

దుకాణాల బోర్డుల మీద పేర్లు రాసే ఆమెను వీధంతా బోర్డులక్క అనేది. ఇరవై రెండేళ్లు నిచ్చెన మీదే గడిపింది. ఒకరోజు మందుల షాపు బోర్డుకు ఆఖరి అక్షరం దిద్దుతుంటే నిచ్చెన జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక అన్నయ్య ఆమెను మూడో అంతస్తులోని తన ఇంటికి తీసుకొచ్చి, తూర్పు కిటికీ పక్కన మంచం వేయించాడు.

వదినకూ ఆమెకూ మొదట్నుంచీ పొడిపొడి మాటలే. తిన్నావా, మందేసుకున్నావా, అంతే. వదిన చేపల తొట్లు అమ్మే దుకాణంలో పనిచేసేది. ఒక సాయంత్రం అక్కణ్నుంచి గాజు సీసా, స్పాంజి ముక్కలు, పాలకూర విత్తనాలు తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టింది.

"మట్టేది?" అంది బోర్డులక్క.

"అక్కర్లేదు, నీళ్లు చాలు. మట్టి తెస్తే పక్క దులపాల్సింది నేనేగా."

సీసా మూతిలో ఇరికించిన తడి స్పాంజిలో వారానికి మొలకొచ్చింది. బోర్డులక్క మురిసిపోయి సీసా నిండా నీళ్లు పోసింది. పది రోజులకు వేళ్లు గోధుమరంగుకు తిరిగి కుళ్లు వాసన కొట్టాయి.

"ఊపిరాడక పోయాయి," అంది వదిన. "సగం వేళ్లు నీళ్లలో, సగం గాల్లో ఉండాలి."

రెండోసారి పైన ఖాళీ వదిలి, నీళ్లలో మొక్కలకు వేసే ఎరువు కొద్దిగా కలిపారు. ఈసారి సీసాలో నాచు పట్టింది. నీళ్లకు వెలుతురు తగలకూడదట. బోర్డులక్క చాన్నాళ్లకు రంగు డబ్బా అడిగింది. నీటి మట్టం తెలిసేలా సన్నటి గీత మాత్రం వదిలి, సీసాకు నల్లరంగు వేసింది. వేస్తున్నంతసేపూ నొప్పి గుర్తే రాలేదు.

తర్వాత మూతకు చిల్లి పెట్టిన బకెట్లో టమాటా మొక్క వచ్చింది. దాని నీళ్లలోకి గాలి పంపడానికి వదిన చేపల తొట్టి మోటారు పెట్టింది. మధ్యాహ్నాలు ఇల్లంతా ఆ బుడగల చప్పుడే. బోర్డులక్కకు కునుకు పట్టగానే మంచం నీళ్లమీద తేలుతున్నట్టుండేది. ఇన్నేళ్లూ తను రాసిన అక్షరాలన్నీ బోర్డులు వదిలి దిగొచ్చి, తెల్లటి వేళ్లు జార్చుకుంటూ నెమ్మదిగా ఊగేవి. ఏ అక్షరమూ కింద పడేది కాదు.

టమాటా పూలు మాత్రం రాలిపోతున్నాయి.

"ఇంట్లోకి తేనెటీగలొస్తాయా, గాలొస్తుందా," అంది వదిన. "పుప్పొడి మనమే అంటించాలి."

పై కొమ్మ మంచం మీంచి అందదు. వదిన నడుం పట్టుకుంటే బోర్డులక్క చేతికర్ర వదిలి, పడ్డాక మొదటిసారి తన కాళ్ల మీద నిలబడింది. సన్నటి కుంచెతో ఒక్కో పువ్వునూ తాకింది.

"వణక్కు. పట్టుకున్నాను," అంది వదిన.

"వణుకుతున్నది నువ్వు, వదినా."

ఇద్దరూ నవ్వారు. వాళ్లిద్దరూ కలిసి నవ్వగా అన్నయ్య వినడం అదే మొదలు.

మూడు కాయలు నిలిచాయి. మొదటిది పండగానే చెరి సగం తిన్నారు.

"పులుపు," అంది వదిన.

"వంకలు పెట్టకు. ఉప్పద్దుకో."

తుంటి నయమయ్యాక కూడా బోర్డులక్క వెళ్లలేదు. పాలకూర కోతకు రానీ అంది, తర్వాత టమాటా అయిపోనీ అంది. ఇప్పుడు నిచ్చెన ఎక్కదు. కూర్చుని రాయగలిగిన చిన్న బోర్డులే ఒప్పుకుంటుంది. ఎప్పుడెళ్తావని వదిన అడగలేదు. నిన్న దుకాణం నుంచి వస్తూ మిరప విత్తనాలు తెచ్చింది.