సాంచాలను మించిన నవ్వు

మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ వీడియో కాల్‌లో కూడుకున్నాం. జగిత్యాలలో నేను, హైదరాబాదు హాస్టల్లో చదువుకునే నా కూతురు, సిరిసిల్లలో మా మేనత్త కొడుకు. బావ ఏదో హుషారుగా చెబుతుండగా మాట ఆగిపోయి బొమ్మ మాత్రం కదులుతోంది. "పెద్దబాపూ, ఏం వినవడ్తలేదు" అని నా కూతురు చేతులూపుతుంటే, నేను మాత్రం పడీపడీ నవ్వాను. "నీకెట్ల సమజైందమ్మా?" అంది. బావ పెదవులు చూశాను, అంతే. ఆ విద్య ఎవరు నేర్పారో చెప్పాలంటే బావ వాళ్లమ్మ, మా అత్తమ్మ సంగతి చెప్పాలి. ఆమె సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ తల వంగిపోతుంది.

సిరిసిల్లలో అత్తమ్మ వాళ్ల ఇంట్లో నాలుగు సాంచాలుండేవి. బయటివాళ్లు మరమగ్గాలంటారు. అవి నడుస్తుంటే గోడకు వేలాడే అద్దం కూడా వణికేది. ఆ మోతలో చెవులతో పనిలేదు. మామయ్య ఆ మూల నుంచి పెదవులు కదిపితే, ఈ మూల నూలు కండెలు చుట్టుకుంటూ అత్తమ్మ ప్రతి ముక్కా పట్టేసేది. ఎండాకాలం సెలవుల్లో పోయిన నాకూ అలవాటైంది. పక్కింటాయన నడకా, పెళ్లిలో పంతులు తుమ్మూ, అన్నీ మేం ఒకరికొకరం చేసి చూపుకునే మూగ హాస్యాలే. నవ్వు మాత్రం మూగది కాదు. నాలుగు సాంచాలను దాటి వాకిట్లోకి వినిపించేది అత్తమ్మ నవ్వు. "పట్టా తెగిందా ఏంది?" అని, సాంచాను తిప్పే బెల్టు ఫట్టున తెగినట్టే, మామయ్య ఆటపట్టించేవాడు. ఏళ్ల తరబడి ఆ మోతలో ఉండి ఆమెకు చెవులు మందగించాయి. తన నవ్వు ఎంత పెద్దదో ఆమెకే తెలియదు.

తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్డెక్కిన రోజుల్లో నేను కోరుట్లలో కొత్తగా చేరిన టీచరమ్మను. నవ్వే ఆడదాన్ని నమ్మరాదని స్టాఫ్ రూంలో రోజూ పారాయణం చేసే పెద్దసారు మాకుండేవాడు. ఆయన ముందు నేను పళ్లు కనబడకుండా మాట్లాడేదాన్ని. సమ్మెలో బడీ బందైంది, సిరిసిల్లలో సాంచాలూ బందయ్యాయి. ఊరికే కూర్చోలేక అత్తమ్మ నా గదికి వచ్చింది. మర్నాడు రోడ్డు మీద వంటావార్పు. నేను టీచర్ల వరుసలో, పెద్దసారు పక్కన నిలబడ్డాను. అత్తమ్మ రోడ్డుకు అవతలి పక్కన, ఎరగని ఆడవాళ్లతో అప్పుడే వరసలు కలిపేసి ఉల్లిగడ్డలు కోస్తోంది.

వంట కాగానే, ఉద్యమంలో ప్రాణం పోయిన ఒక పిల్లవాడి కోసం రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. ఆ పిల్లవాడి తల్లి ముందు వరుసలోనే ఉంది. అందరం లేచి నిలబడ్డాం. మైకు దగ్గరి నాయకుడు ఒక కన్ను మూసి, రెండో కంటితో బగారన్నం గంజు గిన్నెను చూస్తున్నాడు. నా బుద్ధి గడ్డి తిన్నది. అత్తమ్మ వైపు తిరిగి, అచ్చం ఆయనలా ఒక కన్ను తెరిచి చూపించాను.

పట్టా తెగింది. అంత నిశ్శబ్దంలో ఆ నవ్వు రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. తలలన్నీ తిరిగాయి. ఆ తల్లి కూడా తిరిగి చూసింది. "ఎవలు టీచర్ ఆమె? మీ దిక్కే చూస్తున్నది" అన్నాడు పెద్దసారు. "ఎవలో సార్, నాకు తెల్వది" అన్నాను, చాలా మెల్లగా. అంత దూరం నుంచి అత్తమ్మకు వినబడదని ధైర్యం. సిరిసిల్ల మనిషికి వినబడనక్కరలేదన్న సంగతి మరిచాను.

ఆమె కళ్లు నా పెదవుల మీదే ఉన్నాయి. నవ్వు అక్కడికక్కడే ఆగింది. నావైపు వేలు చూపలేదు. నేరుగా పోయి ఆ తల్లి రెండు చేతులూ పట్టుకుంది. "తప్పైంది చెల్లె. నా నోరే అసుమంటిది" అంది. ఆ తప్పు నాదని చెప్పడానికి నాలుగడుగులు వేస్తే సరిపోయేది. నేను కదలలేదు. పైగా ఆ పూట బగారన్నం కూడా తిన్నాను.

సాయంత్రం గదిలో సంచి సర్దుకుంటూ అత్తమ్మ అడిగింది ఒక్కటే. "నీ నౌకరికేం కాదు గద బిడ్డా?"

ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని పండుగలు! అందరి దగ్గరా అలాగే నవ్వేదట. నేను గడపలో అడుగుపెడితే మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. తెలంగాణ వచ్చింది, పెద్దసారు రిటైరయ్యాడు, రెండేళ్ల కింద అత్తమ్మ పోయింది. తప్పైందని చెప్పడానికి ఆమె ముందు గొంతు కూడా పెగలనక్కరలేదు, పెదవి కదిపితే చాలు. ఆ మాత్రం దానికి అన్నేళ్లూ నాకు సరిపోలేదు.