షావుకారు భోజనానికి వెళ్ళాక

ఇది మేం తీసిన సినిమా పేరు. అందులో హీరో లేడు, పాట లేదు, ఫైటు అసలే లేదు. పాలకొల్లులో నేను పనిచేసిన చీరల కొట్లో మధ్యాహ్నం పూట జరిగేదే కథ. షావుకారుగారు ఇంటికెళ్ళి భోంచేసి, కునుకు తీసి వచ్చేదాకా సేల్స్‌మన్లం ఇద్దరం పరుపుల మీద వాలి కబుర్లే కబుర్లు. ఖాళీగా కూర్చుంటే పనిలోంచి తీసేస్తానని ఆయన రోజూ చెప్పేవారు. అయినా అంత మంచి కబుర్లు గాలికి పోతున్నాయని నాకు ఒకటే బాధ.

పెళ్ళి వీడియోలు తీసే స్నేహితుడొకడు మూఢంలో ముహూర్తాల్లేక ఖాళీగా దొరికాడు. "కెమెరా బూజు పట్టిపోతోంది, తీసేద్దాంరా" అన్నాడు. ఆదివారం సెలవు. ఆ రోజు కొట్టు దులిపే పని నాది కాబట్టి తాళాలు నా దగ్గరే ఉండేవి. ఇంకేం, షట్టరు దించుకుని లోపల మొదలుపెట్టేశాం!

మా రెండో సేల్స్‌మన్ నటించనే లేదు, రోజూ ఉన్నట్టే ఉన్నాడు. చీరల కట్ట తలకింద పెట్టుకుని, ఎదురుగా అల్మారా నిండా ఆకుపచ్చ చీరలుండగా, "ఆకుపచ్చ అయిపోయిందండి, లోడు రావాలండి" అన్నాడు. స్నేహితుడి అక్క బేరానికొచ్చినావిడగా వేసింది. కొట్టంతా విప్పించి, "మావారిని తీసుకొస్తానండి" అంటూ లేచిపోయింది. నవ్వాపుకోలేక కెమెరా పట్టుకున్నవాడు ఊగిపోయాడు. ఆ ఊపు సినిమాలో అలాగే ఉంది. షావుకారు వేషానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆయన ఖాళీ కుర్చీని చూపించి సరిపెట్టాం.

తర్వాతి ఆదివారం కేబుల్ ఆయన దాన్ని లోకల్ ఛానల్లో వేశాడు. ఇంట్లో కూర్చోలేక వీధిలో పడ్డాను. ఏ గుమ్మం ముందు నిలబడినా మా మాటలే, పగలబడి నవ్వులే! నా కాళ్ళు నేల మీద ఆనలేదు. వీధి చివర మా రెండో సేల్స్‌మన్ పాలిపోయిన మొహంతో ఎదురయ్యాడు.

"షావుకారుగారింట్లోనూ ఇదే కేబులురా!"

ఆ సంబరంలో ఈ సంగతి మాకెవరికీ తట్టనే లేదు.

పని పోయినట్టే అనుకుంటూ సోమవారం వెళ్ళాం. నాకు వేరే పని రాదు, మావాడికి ఈ పనే సరిగ్గా రాదు. షావుకారుగారు వచ్చి, దేవుడి పటానికి అగరొత్తులు వెలిగించారు. కుర్చీలో కూర్చోలేదు. చెప్పులు విడిచి పరుపెక్కి, మా ఇద్దరి మధ్యా చతికిలబడ్డారు.

"నిన్న మా ఆవిడ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్విందిరా. కొట్లో ఇంత సరదాగా ఉంటుందా, ఇన్నేళ్ళూ ఇంటికొచ్చి ఒక్క ముక్కా చెప్పలేదేం అని నన్ను పట్టుకుని దులిపేసింది. నాకు తెలిస్తేగా చెప్పడానికి!" సర్దుకుని కూర్చుని, "ఏదీ, ఇప్పుడు చెప్పండి, వింటాను" అన్నారు.

ఆయన బుద్ధిగా ఎదురుచూస్తూ కూర్చున్నారు. నాకు భయం పోయి, చచ్చేంత జాలేసింది.

చివరికి మావాడే నోరు తెరిచాడు. "మీరుంటే రావండి అవి. మీరు వెళ్ళాలండి."

షావుకారుగారు మమ్మల్నిద్దర్నీ మార్చిమార్చి చూశారు. బేరాల వేళ ఎన్నడూ కొట్టు వదలని మనిషి, లేచి చెప్పులు తొడుక్కున్నారు.

"అయితే కాఫీ తాగొస్తాను. కాస్త మంచివి మాట్లాడుకుని ఉంచండిరా, రాత్రికి ఆవిడకి చెప్పాలి."