కోపం పోవాల్సిన తావు

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా వీధికి కరెంటు ఉండేదనడం కంటే, మా వీధి మీదుగా కరెంటు పోయేదనడం నిజం. తీగలు మా తలల మీదుగానే సాగి అంగళ్ల వీధికి చేరేవి. పొద్దు గూకేసరికి మా ఇళ్లలో బల్బులు ఆరిపోయేవి. మిద్దె ఎక్కి చూస్తే మాత్రం సినిమా హాలు ముందర రంగుదీపాలు వెలుగుతూనే ఉండేవి. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

మాది మగ్గం ఇల్లు. నడింట్లో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని మా నాయన పట్టుచీరలు నేసేవాడు. ఆ గదికి కిటికీ లేదు. పట్టుపోగు వెంట్రుక లాంటిది. తెగితే వెంటనే కనిపెట్టి ముడి వేయాలి. అందుకే మగ్గం మీద ఒక బల్బు ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. కరెంటు పోతే మా అమ్మ కిరసనాయిలు బుడ్డి వెలిగించి నాయన భుజం పక్కన పట్టుకుని నిలబడేది. కింద పెడితే ఆయన చేతుల నీడే బట్ట మీద పడేది కాబట్టి, మనిషే దీపస్తంభం కావాల్సి వచ్చేది. పగలంతా నీళ్లు మోసి, వంట చేసి, పట్టుదారాన్ని కండెలకు చుట్టిన చేయి అది.

ఒక ఏడాది పెళ్లిళ్ల కాలంలో, నాయనకు పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు ఒక పసుపుపచ్చ చీరను తొందరగా నేసి ఇమ్మన్నాడు. కరెంటేమో రోజూ సాయంత్రం పోతూనే ఉంది. నాయన పళ్లు కొరుక్కుంటూ నేసేవాడు. ఒక సాయంత్రం అమ్మ చేయి బరువెక్కి బుడ్డి ఒకింత వంగింది. కిరసనాయిలు బట్ట మీద ఒలికింది. పసుపు పట్టు మీద ఆ మరక అరచేయంత పాకడం నేను కళ్లారా చూశాను. నాయన గుంటలోంచి లేచి అమ్మ చెంప మీద కొట్టాడు.

అమ్మ ఏడవలేదు. బుడ్డిని జాగ్రత్తగా గూట్లో పెట్టి పెరట్లోకి వెళ్లిపోయింది. నాకు నాయన మీద పుట్టిన కోపం ఎంతటిదంటే, ఆయన పిలిచినా ఆ రాత్రి ఆయన పక్కన కూర్చుని అన్నం తినలేదు.

మా అవ్వ, అంటే నాయన తల్లి, గడప దగ్గర కూర్చుని అంతా చూసింది. మరునాడు పొద్దున్నే తల దువ్వుకుని, కొడుకు చేయి పట్టుకుని, "పా, కరెంటాఫీసుకు పోదాం" అంది.

"నేనెందుకమ్మా ఆడికి?" అన్నాడు నాయన.

"నీకు కోపమొచ్చింది కదరా. కరెంటు తీసినోడు ఆడుండాడు. నువ్వేమో ఈడ నీ పెండ్లాన్ని కొడతాండావు. కోపం పోవాల్సిన తావుకు దాన్ని తీసుకుపో."

అమ్మ కూడా చెంగు బిగించి బయలుదేరింది. నేను పరికిణీ ఎత్తిపట్టుకుని ఆమె వెంటపడ్డాను. అవ్వ ఊరికే నడవలేదు. ప్రతి గడప ముందూ ఆగి, "చీకట్లో మీ కండ్లు బాగుండాయా?" అని అడిగింది. ఆఫీసు చేరేసరికి మా వీధి ఆడవాళ్లు సగం మంది మా వెనక ఉన్నారు.

లోపల ఆఫీసరు ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. ఇంట్లో గోడలు అదిరేలా అరిచే మా నాయన అక్కడ చేతులు కట్టుకుని నిలబడి, "దండం సారూ... మా వీధికి కొంచెం..." అని గొణిగాడు. పై నుంచి వచ్చిన ఆర్డర్లని, తాను చేసేదేమీ లేదని చెప్పి ఆఫీసరు కాగితాల్లో తల దూర్చాడు. నాయన వెనక్కి తిరగబోయాడు. ఆ క్షణాన ఆయన మీద నాకు కోపం కాదు, అసహ్యం పుట్టింది. ఆ గొంతు ఎవరి ముందు లేస్తుందో, ఎవరి ముందు లేవదో నాకు అర్థమైంది.

అప్పుడు అమ్మ ముందుకు వచ్చింది. ఆమె చెంప ఇంకా వాచే ఉంది.

"సారూ, దీపం పట్టుకునేది నేను. చెయ్యి పీకి దీపం వంగింది. చీర పాయె, దెబ్బ నాకు పడె. తీగ మా ఇంటి మీద పోతాంటే, వెలుతురు అంగళ్లకు మాత్రమేనా? మావి కండ్లు కావా?"

ఆఫీసరు తలెత్తి ఆమె చెంప చూశాడు. తరువాత మా నాయన వైపు చూశాడు. నాయన ముఖం నల్లబడింది. హఠాత్తుగా టేబులు మీద చేయి వేసి, "జవాబు చెప్పు సార్! మాకొక్కరికే ఎందుకు చీకటి?" అన్నాడు. ఆ గదిలో ఆయన గొంతు లేవడం అదే మొదలు.

ఆడవాళ్లంతా వరండాలో బైఠాయించారు. ఎండ నెత్తికెక్కినా లేవలేదు. లోపలికి పోవాలన్నా, బయటికి రావాలన్నా మమ్మల్ని దాటాల్సిందే. చివరికి ఆఫీసరు బయటికి వచ్చి, ఇకమీదట కరెంటు కోతను అన్ని వీధులకూ వంతులవారీగా పంచుతామని ఒప్పుకున్నాడు. కోత ఆగలేదు. కానీ ఆ వారంలోనే ఒక సాయంత్రం మా బల్బు వెలుగుతుండగా సినిమా హాలు దీపాలు ఆరిపోయాయి. మా వీధి పిల్లలమంతా మిద్దెలెక్కి కేకలు పెట్టాం.

ఆ చీరను షావుకారు తీసుకోలేదు. అమ్మ మళ్లీ మగ్గం దగ్గర బుడ్డి పట్టలేదు; అడిగితే, "నా చేతికి వేరే పనుండాది" అనేది. నాయన క్షమించమని ఏనాడూ అనలేదు. ఒక ఆదివారం గడ్డపార తీసుకుని మగ్గం పక్కన గోడకు కిటికీ కొట్టాడు. నాయన అంటే నాకు ప్రాణం. అయినా ఆ దెబ్బను మాత్రం ఈనాటికీ మన్నించలేదు. మన్నించాలని కూడా అనిపించదు.

కోపం చెడ్డదని పెద్దలు చెబుతారు. మా అవ్వ అలా చెప్పలేదు. బలం లేని వాళ్ల మీదికి జారిపోయే కోపాన్ని మెడ పట్టుకుని బలం ఉన్న వాళ్ల దగ్గరికి నడిపించాలని చూపించింది. అది కష్టమైన పని. ఇంట్లో నా గొంతు ఎన్నిసార్లు కోడలి మీదికి లేవబోయిందో, ఎన్నిసార్లు దాన్ని మింగానో నాకే తెలుసు.

ఇప్పుడు నేనుండేది హిందూపురంలో. మొన్న ఎండాకాలం మా వీధిలో కరెంటు పోతే రెండు పూటలు దిక్కు లేదు. మోటార్లు ఆడక కుళాయిలు ఎండిపోయాయి. నీళ్లు లేవని పసిబిడ్డల తల్లులు ఇంట్లో వాళ్ల చేత మాటలు పడుతున్నారు. కర్ర పట్టుకుని, ఆ తల్లులను వెంటబెట్టుకుని ఆఫీసుకు నడిచాను. అక్కడున్న కుర్ర ఇంజనీరు కుర్చీ వేసి, "ఈ వయసులో ఎందుకొచ్చినావవ్వా? ఫోన్ చేసింటే సరిపోయేది కదా" అన్నాడు.

కుర్చీలో కూర్చోకుండా ఆయన ఎదురుగా నిలబడి చెప్పాను:

"ఫోన్లో నా మొగం నీకు కనపడదు కదప్పా."