వరద ముందు మామ్మ కొన్న చుట్టలు

నిన్న అమలాపురం బజార్లో ఒక పెద్దాయన చుట్ట వెలిగిస్తే మా తాతయ్య గుర్తొచ్చేరు. లంక పొగాకు ఘాటు మీకూ గుర్తుందా అండీ?

మాది గోదారి పాయల మధ్యనుండే లంక ఊరు. వరదొస్తే పడవలు తిరగవు, కొట్లో చుట్టలూ ఉండవు. ఒక ఏడాది తాతయ్య చుట్టల కోసం వరదలోనే నావెక్కేరు. అది తిరగబడితే కొమ్మ పట్టుకుని బతికేరు.

మరుసటేడు గోదాట్లో వరదకి ముందొచ్చే ఎర్రనీరు కనబడగానే మామ్మ ఎవరికీ చెప్పకుండా రేవు దాటి వెళ్ళొచ్చింది. వరద ముంచెత్తిన నాలుగో రోజుకి ఇంట్లో చుట్టలు అయిపోయేయి. తాతయ్య తువ్వాలు భుజాన వేసుకున్నారు.

"రేవు దాకా వెళ్ళొస్తానే."

"ఎక్కడికీ వెళ్ళక్కర్లేదండి," అంటూ మామ్మ పప్పుల డబ్బా తెచ్చి మూత తీసింది. నిండా చుట్టలే!

తాతయ్య నవ్వేసి, ఒకటి వెలిగించుకుని అరుగు మీద కూలబడ్డారు. పొగంటే గిట్టని మామ్మ, ఆ పూట ఆయన పక్కనే కూర్చుని హాయిగా ఊపిరి పీల్చుకుంది.