గట్టిమేళానికి నలభై ఐదు సెకన్ల ముందు

మా మేనేజర్ కొడుకు పెళ్లిలో ముహూర్తాన్నే రెండు ముక్కలు చేసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, మీరు మనసారా నవ్వుకోండి.

అప్పటికి మాదాపూర్‌లో ఒక వీడియో ప్రసారాల కంపెనీలో చేరి ఆర్నెల్లు. ఒళ్లంతా తెలివే! మేనేజర్ యాదగిరి సార్ వాళ్లమ్మ కాలు విరిగి తెల్లాపూర్ ఫ్లాట్‌లో మంచం మీద ఉంది. కొత్తగూడ ఫంక్షన్ హాల్లో జరిగే మనవడి పెళ్లిని టీవీలో లైవ్ చూస్తూ, సరిగ్గా ముహూర్తానికి అక్షింతలు వేయాలని ఆవిడ పట్టుదల. ఆ బాధ్యత నా నెత్తిన పడింది.

ప్రసారం మొదలవగానే చూస్తే, పంతులుగారి పెదవులు కదిలిన అర సెకనుకు గానీ మంత్రం వినబడటం లేదు.

"ఏందయ్యా గిది? అమ్మ పరేషాన్ అయితది," అన్నారు సార్.

"చిటికెలో పని సార్! ప్రతి బొమ్మకూ, ప్రతి శబ్దం ముక్కకూ ఎప్పుడు బయటికి రావాలో చెప్పే టైమ్‌స్టాంప్ ఉంటుంది. అందులో సెకనుకు తొంభై వేల లెక్క. అర సెకనంటే నలభై ఐదు వేలు."

"లెక్కలు నాకొద్దు. జర మంచిగ చెయ్యి." తన ఫోన్ నా చేతిలో పెట్టి సార్ మండపం ఎక్కారు.

కంప్యూటర్‌లో శబ్దాన్ని ముందుకు జరిపే గడిలో దర్జాగా నలభై ఐదు వేలు కొట్టాను. ఆ గడి అడిగింది మిల్లీసెకన్లని పక్కనే రాసి ఉంది. చదివితే కదా! అంటే నలభై ఐదు సెకన్లు. ఇంకా పుట్టని శబ్దాన్ని ముందే పంపలేక, పాపం ఆ మెషీన్ బొమ్మనే అంత ఆలస్యంగా పంపసాగింది. నేను మాత్రం పని అయిపోయిందని లడ్డూ నోట్లో కుక్కుకుని, లెన్స్ మీద దుమ్ముందేమోనని కెమెరాలోకి తొంగిచూసి వచ్చాను.

ముప్పావు నిమిషం తిరిగేసరికి గట్టిమేళం మోగింది. వెంటనే ఫోనూ మోగింది.

"యాదగిరీ! మేళం ఇని ఉన్న అక్షింతలన్నీ టీవీ మీద ఏసిన. మనవడు లేడు, ఎవడో లడ్డు మెక్కుతున్నడు!"

"నానమ్మా, సార్ మండపం మీదున్నారు. ఆ... ఆ మెక్కేది నేనేనండి."

"ఇప్పుడు తాళి కడుతున్నడురా! మేళం సప్పుడు లేదు, నా చేతుల గింజ లేదు," అంటూ ఆవిడ ఏడ్చేసింది.

నాకు సిగ్గుతో భూమిలోకి దూరిపోవాలనిపించింది. సాయంత్రం కొత్త జంటతో పాటు నన్నూ కారెక్కించారు సార్. ఆవిడ వాళ్లిద్దరినీ తనివితీరా దీవించింది. క్షమించమని నేను వంగగానే నా చెవి దొరకబుచ్చుకుంది.

"పెండ్లయిందా?"

"లేదు నానమ్మా."

"అయితది. మేళం టైముకు నీ మొకం మీద ఏసిన అక్షింతలు ఉత్తగ పోతయా? యాదగిరీ, మన సరితకు సంబంధం చూస్తున్నవ్ గద?"

సరిత సార్ మేనకోడలు. ఏడాది తిరక్కుండా నా భార్య.

కాబట్టి భార్యాసమేతంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ గడిలోనూ పక్కన రాసింది చదవకుండా అంకె కొట్టను, పెళ్లిళ్లలో అసలే కొట్టను. మరోసారి ఎవరి అక్షింతలైనా నా మీద పడితే సరిత ఊరుకోదు.