బొట్టు చోట రంధ్రం

లాక్‌డౌన్లు పూర్తిగా ముగిసిన మరుసటి ఏడాది జూన్‌లో, పుదుచ్చేరిలో సారం అనే పేటలోని ఒక హాబీ వర్క్‌షాప్‌లో టెక్నికల్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. యానాంలో మెకానికల్ డిప్లొమా చదివి, ఒక ఫర్నిచర్ కంపెనీ డ్రాయింగ్ విభాగంలో కొంతకాలం పనిచేశాక దొరికిన ఉద్యోగం అది. హోదా పేరు పెద్దదే కానీ నా పైన యజమాని ఒక్కరే, నా కింద ఎవరూ లేరు. యంత్రాల నిర్వహణ, నమూనాల తయారీ, సాయంత్రం క్లాసులు నా బాధ్యతలు. ఆ వర్క్‌షాప్ తరువాత మూతపడింది, నేనూ వేరే రంగానికి మారిపోయాను. ముప్పై నిండకుండానే ఒక వృత్తి నుంచి విరమించినవాడి జ్ఞాపకంగా దీన్ని చదువుకోవచ్చు.

మేము నేర్పింది స్క్రోల్ సా పని. స్క్రోల్ సా అంటే బల్లకు బిగించిన సన్నటి రంపం. కుట్టుమిషన్ సూదిలాగా బ్లేడు ఒకేచోట కిందికీ పైకీ ఆడుతుంది, చెక్కను చేత్తో తిప్పుతూ గీత వెంట నడిపించాలి. బ్లేడు ఒక కొసను ఊడదీసి, చెక్కకు వేసిన చిన్న రంధ్రంలోంచి దూర్చి మళ్లీ బిగించుకోవచ్చు. అందువల్ల పలక అంచు తెగకుండా మధ్యలోనే ఎంత చిన్న ఆకారమైనా కోయడం సాధ్యమవుతుంది. జాలీలు, పూజామందిరాల పైభాగాలు, ఆటబొమ్మలు చేసేవాళ్లు ఎక్కువ. ముఖచిత్రాలు చేసేవాళ్లు తక్కువ, ఎందుకంటే వాటికి ఓపిక ఎక్కువ కావాలి.

ముఖచిత్రం నమూనాకు ఒక నియమం ఉంది. ఫొటోను కంప్యూటర్‌లో నలుపు, తెలుపు ముక్కలుగా విడగొడతాం. నలుపు పడ్డ ప్రతి భాగాన్నీ కోసి తీసేస్తాం. తెలుపు చెక్కగా మిగులుతుంది. వెనక నల్లగుడ్డ అతికించాక ఆ ఖాళీలే జుట్టుగా, కనుబొమలుగా, గడ్డం కింది నీడగా కనిపిస్తాయి. మిగిలే చెక్క అంతా ఎక్కడో ఒకచోట ఒకదానికొకటి అంటుకొని ఉండాలి, లేకపోతే ఊడి కింద పడుతుంది. అలా అంటి ఉంచే సన్నపట్టీలను వంతెనలు అనేవాళ్లం. పోలిక చెడకుండా వంతెనలు ఎక్కడ వేయాలో తేల్చడమే నమూనా గీసేవాడి అసలు పని.

కె. గోవిందరాజులు గారు ఆ ఏడాది చివర్లో క్లాసులో చేరారు. విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషి, నెల్లితోపు నుంచి టౌన్ బస్సులో వచ్చేవారు. తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడుతారు, కొలతలు మాత్రం తమిళంలో రాసుకుంటారు. నా మాట విని మొదటిరోజే నవ్వారు.

“మీ యానామోళ్లు మాటకు ముందొక ‘అండి’, ఎనకాలొక ‘అండి’ పెడతారు మాస్టర్. బ్లేడు తెగిపోయిందండి అంటే, తెగిన బ్లేడు కూడా మర్యాదగా లేచి నిలబడేట్టుండాది.”

చేరిన కారణం అప్పుడే చెప్పారు. భార్య సరోజ గారు చనిపోయి కొన్ని నెలలైంది. ఏడాది తిథినాటికి ఆమె ముఖాన్ని తన చేత్తో చెక్కలో కోసి గోడకు పెట్టాలి. ఫొటో ఫ్రేమ్ డబ్బులిస్తే ఎవరైనా చేసిస్తారని, అది తనకు అక్కర్లేదని అన్నారు.

మొదట పనికిరాని చెక్కల మీద సరళరేఖలు, తరువాత మూలమలుపులు, ఆ తరువాత లోపలి కోతలు చేయించాను. లైన్ పని చేసిన చేతులు కాబట్టి భయం లేదు, అయితే తొందర ఉంది. చెక్కను బ్లేడు మీదికి నెట్టేవారు. నెడితే బ్లేడు వెనక్కి వంగి, పైన గీత మీద ఉన్నట్టే కనిపిస్తూ కింద పక్కకు పోతుంది. అది మానడానికి చాలా వారాలు పట్టింది.

సరోజ గారి ఫొటోల్లో ఒకటి ఎంచుకున్నాం. ఎవరిదో పెళ్లిలో తీసింది. నడినెత్తిన పాపిడి, పెద్ద కళ్లు, నుదుట గుండ్రటి పెద్ద బొట్టు. పాపిడి గీత తెల్లగా ఉండటం నాకు కలిసొచ్చింది. జుట్టంతా నలుపు, అంటే ఖాళీ. నుదుటిని పైచట్రానికి కలపడానికి ఆ పాపిడే వంతెన అయింది. కళ్లలోని మెరుపును కింది రెప్పకు అంటించాను. బొట్టు ముదురు రంగు కాబట్టి కంప్యూటర్ దాన్ని నలుపులో వేసింది. నలుపు కోయాల్సిందే. నేనూ దాన్ని అలాగే వదిలాను.

సన్నగా చిత్రిక పట్టించిన టేకుపలక మీద మాస్కింగ్ టేపు, దాని మీద నమూనా అతికించాం. లోపలి కోతలు ముందు, బయటివి తరువాత. చిన్నవి ముందు, పెద్దవి చివర. పెద్ద ఖాళీలు ముందే తీసేస్తే పలక బలం పోయి సన్నభాగాలు అదిరి విరుగుతాయి. ఆ క్రమంలో మొదట కోయాల్సినవాటిలో బొట్టు ఒకటి. గోవిందరాజులు గారు కనుబొమలు కోశారు, ముక్కు నీడ కోశారు, దాన్ని మాత్రం దాటేస్తూ వచ్చారు. క్రమం తప్పుతోందని నేను గుర్తుచేశాక కోశారు. ఊడిన బిళ్లను చెత్తడబ్బాలో వేయకుండా చొక్కా జేబులో వేసుకున్నారు.

తిథికి పది పన్నెండు రోజుల ముందు కోత ముగిసింది. కాగితం ఊడదీసి, ఉప్పుకాగితంతో రుద్ది, నూనె పట్టించేముందు ఇంట్లో ఒకసారి చూపిస్తానని తీసుకెళ్లారు. మరుసటి సాయంత్రం వెనక్కి వచ్చారు. వెంట రాజమ్మ గారు ఉన్నారు. రాజమ్మ గారు ఆయనకు సొంత అక్క, సరోజ గారికి తల్లి. ఇక్కడి కుటుంబాల్లో అక్కకూతురిని చేసుకోవడం మామూలే. కాబట్టి ఆమె ఆయనకు అత్త కూడా.

ఆవిడ కూర్చోలేదు. తమ్ముడి చేతిలోని పలకను తీసుకొని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టారు. నుదుటి మధ్యలోంచి ఎదుటి మేడ గోడ కనిపించింది.

“ఇది గీసింది నువ్వేనా తంబీ?”

అవునండి అన్నాను.

“నా బిడ్డ నొసట ఓట్ట పెట్టినావే. ఎందుకు?”

ఓట్ట అంటే రంధ్రం. నేను నియమం వివరించాను. వెనక నల్లగుడ్డ వేస్తే అది బొట్టులాగే కనిపిస్తుందని, జుట్టూ కళ్లూ కూడా అలాంటి ఖాళీలేనని చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నారు.

“జుట్టు పోయింది, కండ్లు పోయినాయి. అన్నీ కాలిపోయినాయి, నేను చూసినాను. బొట్టు పోలేదు కదా దానికి. బొట్టుతోనే పోయింది నా బిడ్డ. నల్లగుడ్డ యేస్తే నల్లబొట్టు అవుతాది. అది వద్దు.”

తమ్ముడి వైపు తిరిగి, ఇది గోడమీద ఉంటే తాను తిథికి ఆ ఇంట్లో కూర్చోనని అన్నారు. గోవిందరాజులు గారు జేబులోంచి ఆ టేకుబిళ్ల తీసి రంధ్రంలో పెట్టబోయారు. అది అవతలికి జారి నేలమీద పడింది. బ్లేడు మందం మేరకు చెక్క పొడిగా పోతుంది కాబట్టి, కోసిన ముక్క తన రంధ్రంలో ఎప్పుడూ వదులుగానే ఉంటుంది. జిగురు పెట్టి నిలిపినా, నుదుటి రంగూ బిళ్ల రంగూ ఒకటే అయి బొట్టే లేనట్టు ఉంటుంది. అది అసలే పనికిరాదు. మళ్లీ మొదటినుంచి కోయడానికి సమయం లేదు.

మిగిలింది పొదుగుడు పని ఒక్కటే. ఇందులో యంత్రం బల్లను కొద్దిగా వాల్చి, రెండు చెక్కలను ఒకదానిమీద ఒకటి పెట్టి ఒకేసారి కోస్తాం. బల్ల వాలుగా ఉండటం వల్ల బిళ్ల సీసా బిరడాలాగా పైన వెడల్పుగా, కింద సన్నగా తెగుతుంది. పై చెక్క బిళ్లను కింది చెక్క రంధ్రంలోకి దించితే, బ్లేడు తిన్న ఖాళీని ఆ ఏటవాలు పూడ్చి బిగుసుకుంటుంది. వాలు ఎక్కువైతే బిళ్ల పైకి తేలుతుంది, తక్కువైతే కిందికి జారుతుంది. చెక్కను ఒకే దిశలో తిప్పాలి. దిశ మారితే ఏటవాలు తిరగబడి అంతా వ్యర్థం. ఇక్కడ పాత రంధ్రం కంటే కొంచెం పెద్ద వృత్తం కోయాలి, దాని పైఅంచుకు దగ్గరలోనే పాపిడి వంతెన ఉంది. అది విరిగితే ముఖం చట్రం నుంచి ఊడినట్టే.

ముక్కల పెట్టెలో ఎర్రటి చెక్క కోసం వెతికి ఒక బద్ద తీశాను. ఇక్కడ వేంగై అంటారు, మావైపు పెద్దేగి. రాజమ్మ గారు దాన్ని అందుకొని వేలు తడిచేసి రుద్ది చూశారు.

“వేంగై చెట్టు పాలు కాచి చిన్నప్పుడు నా బిడ్డకి బొట్టు పెట్టేదాన్ని. కడిగినా పోదు. ఇది పెట్టు.”

పనికిరాని టేకు మీద, అంతే మందంలో, ప్రయత్నాలు మొదలుపెట్టాను. మొదటి బిళ్ల జారిపోయింది. బల్ల వాలు పెంచితే రెండోది పైకి తేలింది. మూడు డిగ్రీలకు కాస్త ఇటుగా ఉన్నప్పుడు బిళ్ల బొటనవేలి ఒత్తిడికి దిగి కదలకుండా నిలిచింది. బల్లను అక్కడ బిగించేశాను. వేంగై బద్దను నుదుటి రంధ్రం కప్పేలా పలక మీద అంటించి, దాని మీద గుండ్రం గీసి, గీత మీదే బ్లేడు పట్టేంత రంధ్రాన్ని అదే వాలులో రెండు చెక్కలకూ వేశాను. జుట్టు ఖాళీల్లో సన్నపుల్లలు అడ్డుపెట్టి టేపు చుట్టాను, వంతెన అదరకుండా.

గోవిందరాజులు గారు పక్కకు జరిగారు.

“మీరే కోసేయండి మాస్టర్. నా వల్ల కాదు.”

నేర్చుకునేవారి పలక మీద బోధకుడు కోత వేయకూడదని మా వర్క్‌షాప్ నియమం. చేసింది ఎవరన్న పేచీ రాకుండా యజమాని పెట్టారు. ఆరోజు దాన్ని పక్కనపెట్టడానికి నేను సిద్ధపడి రక్షణ కళ్లద్దాలు పెట్టుకున్నాను. రాజమ్మ గారు అప్పటికి స్టూలు మీద కూర్చొని, నేనిచ్చిన మాస్కును గడ్డం కిందికి లాక్కున్నారు.

“యాడికి పోతావురా గోవిందా? పెళ్లిపీట మీద దానికి బొట్టు పెట్టింది నువ్వా, ఈ తంబినా? అప్పుడు కూడా చెయ్యి ఒణికింది నీకు. సగం కుంకం ముక్కుమీద పోసినావు. అయినా నువ్వే పెట్టినావు కదా.”

నేను అద్దాలు తీసి ఆయనకిచ్చాను. వేగం తగ్గించి, ఎడమచేతి రెండు వేళ్లను వంతెనకు రెండువైపులా ఆనించి నొక్కిపట్టమని, నెట్టవద్దని, తిరగడం మాత్రం ఆపవద్దని చెప్పాను.

మూడొంతుల దాకా చక్కగా వచ్చింది. పాపిడి దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతులు ఆగిపోయాయి. బ్లేడు ఆడుతూనే ఉంది. ఒకేచోట ఆడితే బ్లేడు చెక్కను కొద్దిగా పక్కకు తినేస్తుంది. ఆయన గట్టిగా ఊపిరి వదిలి మళ్లీ తిప్పారు. గీత గీతను కలిసింది. యంత్రం ఆపాను.

వంతెన విరగలేదు. జిగురు రాసి బిళ్లను దించి బొటనవేలితో నొక్కారు. బిగిసింది. కానీ ఆగినచోట వృత్తం చెడి, బొట్టు ఒకవైపు కోలగా వచ్చింది. పైన వెంట్రుకంత సందు కూడా ఉంది. సందును వేంగై పొడి, జిగురు కలిపి పూడ్చవచ్చు. ఆకారాన్ని సరిచేయాలంటే ఇంకొంచెం పెద్ద వృత్తం కోయాలని, అది వంతెనలోకి పోతుందని చెప్పాను. గోవిందరాజులు గారు తల దించుకొని పలక చూస్తున్నారు. వంకరగా వచ్చిందక్కా అన్నారు.

రాజమ్మ గారు పలకను మళ్లీ వెలుతురుకు ఎత్తారు. ఈసారి నుదుటిలోంచి ఏమీ కనిపించలేదు.

“అది ఏనాడు అద్దం చూసి పెట్టుకుందిరా? పొయ్యి కాడ నిలబడి పెట్టుకునేది. ఇట్లనే ఉండేది.”

జిగురు ఆరాక ఉప్పుకాగితంతో రెండు చెక్కలూ సమమయ్యేదాకా రుద్దాం. గుడ్డతో నూనె పట్టించాం. టేకు తేనెరంగుకు మారింది, వేంగై అంతకంటే ముదిరి ఎర్రబడింది. తిథి ముందురోజు నల్లగుడ్డ అతికించి తీసుకెళ్లారు. ఆ గుడ్డకు రాజమ్మ గారు అభ్యంతరం చెప్పలేదు. తిథినాడు ఆవిడే దానికి మాల వేశారని గోవిందరాజులు గారు తరువాతి వారం చెప్పి, కట్టిన ఫీజు చెల్లినంతకాలం వస్తానని ఆటబొమ్మలు కోయడం మొదలుపెట్టారు.

ఆ పని నా పద్ధతిని రెండుచోట్ల మార్చింది. ఒకటి, నమూనాల్లో మూడో రంగు చేర్చాను: నలుపు తీసేది, తెలుపు ఉంచేది, ఎరుపు వేరే చెక్కతో నింపేది. రెండు, కాగితాన్ని చెక్కకు అతికించేముందు ఇంటికి పంపి, బొమ్మలోని మనిషితో కలిసి బతికిన ఇంకొకరిని అడిగి రమ్మని కోసేవారికి చెప్పేవాణ్ణి, ఇందులో తీయకూడనిది ఏదైనా ఉందా అని. ఒకరు తండ్రి చెంపమీది పుట్టుమచ్చను చూపించారు, ఒకరు ముక్కుపుడకను, ఒకరు పొడిచిన పచ్చబొట్టును. కంప్యూటర్ వాటన్నిటినీ నలుపులోనే వేసింది. అడిగిన ప్రతిసారీ ఒకటైనా ఉండేది.