ఆ ఒక్క మాట తియ్యనన్న మనిషి

మా అమ్మాయి స్కూలుకు పట్టుకెళ్ళే సముద్రపు నాచు ప్యాకెట్ చింపినప్పుడల్లా వంటింట్లో ఉప్పు వాసన, వెనకాలే కాస్త ఎండుచేపల వాసన వస్తాయి. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో ‘నేచురల్’ అని ఉంటుంది. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వెంటనే పద్మావతి మేడమ్ గుర్తొస్తారు.

సిడ్నీలో నా మొదటి ల్యాబ్ ఉద్యోగంలో ఆవిడ నా బాస్. బాపట్ల మనిషి. అందరూ ‘పద్మా’ అని పిలిచేవాళ్ళు, నాకు మాత్రం నోరు రాలేదు. ఎండబెట్టిన నాచులో కడుపు పాడుచేసే క్రిములు ఉండిపోవచ్చు. గట్టిగా వేడి చేస్తే అవి చస్తాయి గానీ నాచు రంగూ రుచీ పోతాయి. అందుకే వాటిని రేడియేషన్‌తో చంపడం మీద ఆవిడ ఏళ్ళ తరబడి పనిచేశారు. కిరణాలు నాచులోంచి వెళ్ళిపోతాయి, అందులో ఉండిపోవు అని అడిగిన ప్రతివాళ్ళకూ విసుక్కోకుండా చెప్పేవారు. కొత్తలో నేను, “నేచురల్‌గా ఉంటేనే మంచిది కదా మేడమ్” అన్నాను. క్రిములు చుక్కలు చుక్కలుగా పెరిగిన గాజు పళ్ళెం ఒకటి నా చేతిలో పెట్టారు. “ఇవీ నేచురలేనమ్మా. తింటావా?” అన్నారు.

ఒక మే నెలలో నేనూ మేడమూ సిడ్నీ శివారు టూంగాబీలో తెలిసినవాళ్ళింటికి బార్బెక్యూ విందుకు వెళ్ళాం. ఆవిడ పనేమిటో విని, అక్కడున్న డాక్టరు అంకుల్ ఒకాయన, “రేడియేషన్ పెట్టిన తిండా? పిల్లలకు పెట్టకండమ్మా, వై టేక్ ద రిస్క్?” అన్నారు, అందరికీ వినపడేలా. అంటూనే ఇండియా నుంచి వచ్చిన బంగినపల్లి పండు కోస్తున్నారు.

“అంకుల్, ఆ పెట్టె ఒకసారి ఇటు తిప్పండి,” అన్నారు మేడమ్.

రేడియేషన్‌తో శుద్ధి చేసినవని పెట్టె మీద రాసే ఉంది. అది చెయ్యకుండా మన మామిడిపండ్లను ఈ దేశంలోకి రానివ్వరు. అంకుల్ చదివారు. ముక్క నోట్లో పెట్టుకున్నారు.

“అది వేరేనమ్మా. అది మామిడిపండు కదా!”

అందరూ నవ్వారు, మేడమ్‌తో సహా. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంత చదువుకున్న మనిషి! మనకు ఇష్టమైనదైతే సైన్సు, కాకపోతే విషమా?

మా పరిశోధనకు డబ్బిచ్చే నాచు కంపెనీదీ అదే తీరు. ఫలితాలు బాగా వచ్చాయి. వాళ్ళ మేనేజరు వచ్చి తెగ మెచ్చుకున్నాడు. చివర్లో, “రిపోర్టులో రేడియేషన్ అన్న మాట వద్దు పద్మా, జనం బెదిరిపోతారు. ‘కోల్డ్ క్లీన్’ అని రాయండి. ప్రాజెక్టు కొనసాగిద్దాం” అన్నాడు.

“చేసింది రేడియేషన్. తినేవాళ్ళకు తెలియాలి,” అన్నారావిడ. “బెదిరితే నేనే వెళ్ళి చెప్తాను, ఎన్నిసార్లైనా.”

ప్రాజెక్టు ఆగిపోయింది, దాంతో ఆవిడ ఉద్యోగమూ పోయింది. పని చెడగొట్టినందుకు కాదు, ఒక మాట తియ్యనన్నందుకు! పైగా ‘ఏదో తేడా చేసుంటుంది’ అని మనవాళ్ళే చెవులు కొరుక్కున్నారు. ఆవిడ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడు ఎక్కడో దూరపు ఊళ్ళో స్కూలు పిల్లలకు కెమిస్ట్రీ చెప్తున్నారు. ఆవిడ తెచ్చుకోని కోపమంతా నాకే వస్తుంది.

నేనిప్పుడు మసాలాల కంపెనీలో ఆహార భద్రత చూస్తాను. మా మిరియాలకు రేడియేషన్ పెడతాం. మొన్న కొత్త ప్యాకెట్ నమూనా తెస్తే అందులో ఆ మాట లేదు. వెనక్కి పంపాను. ఈసారి కనపడీ కనపడకుండా వేసి తెచ్చారు. మళ్ళీ పంపాను.

“ఎందుకింత మొండితనం? ఒక్క మాటే కదా,” అన్నాడు మా మేనేజరు.

“ఆ ఒక్క మాటకే నాకు పని నేర్పినావిడ ఉద్యోగం పోయింది,” అన్నాను. “కావాలంటే నన్నూ తీసెయ్యండి. మాట మాత్రం తియ్యను.”